హెల్మెట్ కింద చీటీ

1996 నవంబరు 12, మంగళవారం. రేషన్ తెచ్చాను, రెండు బకెట్ల బట్టలు ఉతికాను, స్టీల్ ప్లాంటు కట్టినవాళ్ల పాత సామాన్లతో మేం కొందరం నడిపే మ్యూజియం గది ఊడ్చాను. ఆ గదికి మూడు నెలలుగా అద్దె కట్టలేదు.

నిరుడు దానికి చందా అడగడానికి వెళ్తే కాంట్రాక్టరు అప్పలరాజు గారు, "పాత ఇనుముకి చందా ఏటమ్మా? కబాడీకి అమ్మీండి" అని గుమ్మంలోంచే పంపేశారు.

ఈ రోజు ఆయనే చుట్టాలను వెంటబెట్టుకొచ్చి, ప్లాంటు కట్టేటప్పుడు తన నాన్న పెట్టుకున్న హెల్మెట్ చూపించబోయారు. కింద నేను రాసిన చీటీ ఉంది: "కబాడీవాడి దగ్గర కొన్నది." వాడికి అమ్మింది ఈయనే.

"దీదీ, కొడుకు ఇచ్చాడని మార్చీండి. అద్దె నేనిస్తాను" అన్నారు మెల్లగా.

"అద్దె ఇస్తానంటే ఇవ్వండి, రసీదు రాస్తాను. చీటీ మాత్రం మారదు" అన్నాను, చుట్టాలందరికీ వినబడేలా.

వాళ్ల ముందు కాదనలేక మూడు నెలలదీ ఇచ్చేశారు. ఎక్కువ చేశానంటారా? అనండి. నన్ను గుమ్మంలో నిలబెట్టిన బాకీ మాత్రం తీరింది.