లావవుతున్న కట్టు

కెమెరాను ముట్టుకోకముందే నాకు సినిమా తీయడం వచ్చనుకునేదాన్ని. నేను చదివేది కామర్స్. తిరుపతిలో రోజూ కాలేజీ వదలగానే నేరుగా గ్రంథాలయానికి వెళ్లి, సినిమా మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివేశాను. ఇంగ్లీషువైతే నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. వెలుతురు ఏ వైపు నుంచి పడాలి, మనిషి ముఖానికి ఎంత దగ్గరగా వెళ్లాలి అని హాస్టల్లో అన్నం తింటూ కూడా చెప్పేదాన్ని. ఇదంతా ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టమే.

అంతలో మా కాలేజీలో కెమెరా క్లాసు పెట్టారు. సీట్లు తక్కువ. ఐదు నిమిషాల సినిమా ఒకటి తీసి చూపించాలి, అది క్లాసు చెప్పే సారుకు నచ్చితేనే సీటు. నాకు ఆ సీటు కావాలి. చదివిందంతా చేత్తో చేసి చూడాలంటే నాకు వేరే దారి లేదు.

విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు మీద కథ రాసుకున్నాను. పరీక్ష తప్పించుకోవడానికి చెయ్యి విరిగిందని అబద్ధమాడి ఒక కుర్రాడు కట్టు కట్టించుకుంటాడు. అరుగు మీద కూర్చున్న అతన్ని వచ్చినవాళ్లంతా ఎట్లా విరిగిందని అడుగుతారు. ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెబుతాడు. చివరికి కట్టు కట్టినాయన ముందు నిజం ఒప్పుకుని ఏడుస్తాడు. అది చూసి హాలంతా ఏడవాలని నా కోరిక.

మా మేనమామది పుత్తూరే. ఎరువుల అంగడి నడుపుతాడు, కట్లతో సంబంధం లేదు. అయినా కట్టు కట్టే వేషం తనకే కావాలన్నాడు.

"నాకంటే ఎవురికి తెలుసుమ్మే? మామిడిచెట్టు మింద నుంచి రెండుతూర్లు పడి కట్టించుకున్నోన్ని."

"పడింది గూడా గొప్పే సూడు ఈ మనిషికి," అంది అత్త వంటింట్లోంచి.

కుర్రాడి వేషం నా క్లాస్‌మేట్ వేశాడు. మామ ఇంటి అరుగు మీదే తీశాం, వచ్చి అడిగేవాళ్లుగా అత్త, ఇరుగుపొరుగువాళ్లు నటించారు. కెమెరా ఇంకో స్నేహితురాలు పట్టుకుంది. కష్టమైన షాటు ముందు తీయాలని ఒక పుస్తకంలో చదివాను. అందుకని నిజం ఒప్పుకునే చివరి సీను పొద్దున్నే తీసేశాం. ఒకే వైపు నుంచి తీసేవన్నీ ఒకేసారి తీయాలని ఇంకో పుస్తకంలో చదివాను. అందుకని మిగతా సీన్లు వరస లేకుండా, ముక్కలుముక్కలుగా తీశాం. "కట్" అనే మాట అందరికీ వినబడేలా చెప్పాలని కూడా చదివాను. హాస్టల్ మిద్దె మీద సాధన చేసి మరీ వచ్చాను. ప్రతి షాటుకూ గట్టిగా "కట్!" అని అరిచి, ఎట్లా వచ్చిందో చూద్దామని కెమెరా దగ్గరికి పరిగెత్తేదాన్ని. నటుల వైపు నా వీపే ఉండేది.

మరుసటి రోజు కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చుని షాట్లను కథ ప్రకారం పేర్చాం. మొదటి దాంట్లో కట్టు బీరకాయంత ఉంది. రెండో దాంట్లో సొరకాయంత అయింది. మూడో దాంట్లో మళ్లీ సన్నబడింది.

"ఏందే ఇది? వీడి సెయ్యి ఊపిరి పీల్చుకుంటా ఉండాదా?" అంది కెమెరా పట్టిన నా స్నేహితురాలు.

తెల్లవారితే సినిమా చూపించాలి. మళ్లీ తీయడానికి కెమెరా లేదు, అద్దెకు తెచ్చింది తిరిగి ఇచ్చేశాం. నేను "కట్" అన్నాక కూడా కెమెరాను కాసేపు ఆపకపోవడం నా స్నేహితురాలికి అలవాటు. ఆ కొసలు చూస్తే సంగతి బయటపడింది. నా గొంతు వినబడగానే మామ చకచకా ఇంకో చుట్టు చుడుతున్నాడు. కొంచెం కొంచెంగా పెరగడంతో తీసేటప్పుడు మాకు తేడా తెలియలేదు. వెంటనే ఫోన్ చేశాను.

"మామా, షాటు అయిపోయినాక గుడ్డ ఎందుకు సుట్టినావు?"

"నువ్వే గదమ్మే కట్టు, కట్టు అని గొంతు సించుకుంటివి! కడితి. గుడ్డ సాలకపోతే మీ అత్త దుప్పటి గూడా సించితి."

"నా దుప్పటా!" అని వెనక నుంచి కేక.

కట్టు మోసిన క్లాస్‌మేట్‌ను అడిగితే, "నీ కథలో అంతేమో అనుకున్నా మే. వేళ్లు తిమ్మిరెక్కినా నటన అని ఊరుకుంటి," అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇట్లాంటిది జరిగితే ఏం చేయాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. కనీసం మేమన్నా నవ్వుకుందామని, సన్నటి కట్టు నుంచి లావు కట్టు దాకా షాట్లను వరసగా పేర్చి చూశాను. అత్త వచ్చి అడిగితే ఒక అబద్ధం, కట్టు కొంచెం లావు. పక్కింటి పెద్దాయన అడిగితే ఇంకో అబద్ధం, ఇంకొంచెం లావు. క్రికెట్ ఆడే స్నేహితుడు వచ్చేసరికి చెయ్యి తలగడంత! ఎవరు ముందొచ్చినా, ఎవరు వెనకొచ్చినా కథ చెడలేదు. అన్నిటికంటే ముందు తీసిన నిజం చెప్పే సీను ఒక్కటి మిగిలిపోయింది. అందులో కట్టు అన్నిటికంటే సన్నం. దాన్ని తీసుకెళ్లి చివర పెట్టాను. కుర్రాడు నిజం చెప్పగానే అబద్ధాలన్నీ ఊడిపోయినట్టు చెయ్యి మామూలుగా కనబడింది. నేనూ, నా స్నేహితురాలూ కుర్చీల్లోంచి ఎగిరి గంతేశాం.

చూపించిన రోజు హాల్లో ఒక్కరూ ఏడవలేదు. రెండో అబద్ధానికే నవ్వులు మొదలయ్యాయి. తలగడంత కట్టు వచ్చేసరికి బల్లలు చరిచారు. మొదటి వరసలో కూర్చున్న మామ వెనక్కి తిరిగి, "కట్టినోన్ని నేనే, నేనే," అని అందరికీ చెప్పుకున్నాడు.

సారు నన్ను పక్కకు పిలిచాడు. "కట్టు లావు చేసే ఉపాయం ఏ పుస్తకంలోదమ్మా?"

జరిగిందంతా చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"అది సరేమ్మా. ఈ వరసలో పేర్చింది ఎవురు?"

"నేనే సార్."

"అయితే సోమవారం నుంచి క్లాసుకు రా."

సోమవారం సాయంత్రం, కెమెరా ఎంత ఎత్తున పెట్టాలో సాధన చేసుకోమని నాకు కెమెరా స్టాండు ఇచ్చి పంపారు. మూడు కాళ్ల ఆ స్టాండును చంకన పెట్టుకుని, హాస్టల్ వైపు వెళ్లే తిరుచానూరు బస్సెక్కాను. కండక్టర్ దాన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏందిమ్మా ఇది? యాడ పెడతావు దీన్ని?"

"కిటికీ పక్కన, అన్నా," అన్నాను. దాన్ని అక్కడే నిలబెట్టి, దారి పొడవునా దాని ఎత్తు నుంచి ఊరు ఎట్లా కనబడుతుందో చూసుకుంటూ వెళ్లాను.