ఆసుపత్రి ఉభాలు

కిందటి వారం రామతీర్థం కొండ ఎక్కుతుంటే, నాకు ఇరవై మెట్లు ముందున్న మా ఆడపడుచు మనవరాలు వెనక్కి తిరిగి, "మామ్మా, చెయ్యి ఇవ్వనా?" అని అడిగింది. ఆ పిల్ల గౌను మెడ దగ్గర సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది. పుట్టిన వారానికే గుండెకు ఆపరేషన్ చేసిన గుర్తు అది. నేను మెట్టు మీద కూలబడి ఆయాసం తీర్చుకుంటూ, కింద కొబ్బరికాయల దగ్గర ఇంకా బేరమాడుతున్న దాని అమ్మమ్మను తలుచుకున్నాను.

ఆమె మా వారి చెల్లెలు. ఎకరన్నర మడి ఉంది. తన పొలం పనయ్యాక ఊరి ఆడవాళ్ళ జట్టుతో కలిసి పక్క పొలాలకు ఉభాలకు వెళుతుంది. వరి నాట్లను మా వైపు ఉభాలంటాం. పెరుగు తోడుకు కూడా పొరుగింటికి గిన్నె పంపని మనిషి. ఎనిమిదేళ్ళ కిందట ఆమె కూతురికి విజయనగరంలో పురుడైంది. రెండో నాటికి బిడ్డ పెదాలు నేరేడు రంగుకు తిరిగాయి. గుండె దగ్గరి పెద్ద రక్తనాళాలు తారుమారుగా ఉన్నాయనీ, వెంటనే విశాఖలోని పిల్లల ఆసుపత్రికి చేర్చాలనీ డాక్టరు చెప్పారు. దొరికిన అంబులెన్సులో పెద్దవాళ్ళకు పడక ఉంది గానీ పసిగుడ్డుకు కావలసిన వెచ్చదనం లేదు. మా ఆడపడుచు బిడ్డను పాత చీరలో చుట్టి గుండెలకు ఆనించుకుని కూర్చుంది. పక్కన నర్సు, ఎదురుగా నేను. దారి పొడవునా ముగ్గురం ఆ పెదాల వంకే చూశాం.

ఆపరేషన్ గట్టెక్కింది. కొన్ని వారాలకు ఇంటికి పంపేటప్పుడు మేమంతా డాక్టరమ్మకు దండాలు పెడుతుంటే, మా ఆడపడుచు మాత్రం, "మీకిక్కడ ఏటి తక్కువైందో సెప్పండమ్మా," అని అడిగింది. డాక్టరమ్మ నవ్వి, తర్వాత కాస్త ఆలోచించి, పసిపిల్లలను వెచ్చగా పడుకోబెట్టి తెచ్చే బండి లేదనీ, దాని కోసం విరాళాలు పోగుచేస్తున్నామనీ చెప్పారు. "అయితే మేవూ ఒక సెయ్యేస్తాం," అంది మా ఆడపడుచు, పెళ్ళింట్లో కూరలు తరగడానికి వస్తానన్నంత తేలిగ్గా.

ఇంటికొచ్చాక మా వారికి కోపం వచ్చింది. "ఇంటింటికీ తిరిగి అడుగుతావేటే? నాన్న పేరేటవుతాది?" అన్నారు. "అడగనన్నయ్యా, పని సేసి ఇస్తాను," అంది. ఆమె ఆలోచన ఏమిటంటే, జట్టంతా ఒక రోజు ఉభాలు వేసి ఆ కూలి ఆసుపత్రికి ఇవ్వడం. రెక్కాడే ఆడవాళ్ళను ఒక రోజు కూలి వదులుకోమనడం చిన్న మాట కాదు. సాయంత్రం వీధరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, అంబులెన్సులో మేము వెళ్ళిన దారి గురించి చెప్పి ఊరుకుంది. ముందుగా, జట్టులోకెల్లా తక్కువ మాట్లాడే మనిషి, "నా రెండోవోడు దార్లోనే పోనాడు. నానొస్తాను," అంది. ఆ తర్వాత ఇంకెవరినీ అడగవలసిన పని లేకపోయింది.

ఇక మడి కావాలి. ఊళ్ళో పెద్ద రైతు మాకు వరసకు మావ అవుతాడు. చేతిలోంచి పైసా అంత తొందరగా జారనివ్వడని పేరు. "నా పొలంలో తిరనాళ్ళు సేస్తారా?" అన్నాడు. మా ఆడపడుచు తొణకలేదు. "మావా, నీ మడిలో ఉభాలు ఎలాగూ ఎయ్యాల. కూలి ఎలాగూ ఇస్తావు. అది మేం ముట్టుకోం, ఆసుపత్రికి పంపుతాం. ఇందులో నీకు పోయిందేటో సెప్పు." మావ మీసం గోక్కుంటూ ఎంతసేపు వెతికినా పోయేదేమీ కనబడలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ సన్నటి జల్లు. ముప్పయ్యేళ్ళు బళ్ళో తెలుగు పాఠాలు చెప్పిన నన్ను కూడా వదలకుండా మడిలోకి దింపారు. నేను నాటిన వరస పాములా మెలికలు తిరిగింది. పిక్కల దాకా బురదలో కూరుకుపోయిన నన్ను ఇద్దరు చెరో రెక్క పట్టి లాగుతుంటే, మా ఆడపడుచు తలెత్తకుండానే, "వదినా, పిల్లల కాపీల్లో అచ్చరాలు వంకరగుంటే కొట్టీదానివి గదా," అంది. మడంతా నవ్వింది. మధ్యాహ్నానికి మా వారు పంచె ఎగ్గట్టి, ఎవరూ పిలవకుండానే వచ్చి నారు కట్టలు మోశారు. చీకటి పడబోతుండగా మావ కూలి తెచ్చి మా ఆడపడుచు చేతిలో పెట్టాడు. రెట్టింపు ఉంది. ఆమె ఏదో అనబోతే, "లెక్క తప్పుంటాను, మల్లీ ఎవులెంచుతారు," అంటూ వెనుదిరిగాడు.

మరునాడు పక్క ఊరి రైతులు తమ మడికీ రమ్మని కబురుపెట్టారు. ఆ వానాకాలమంతా వారానికొక పొలం నడిచింది. ఆ సొమ్మూ, మరెందరో ఇచ్చినదీ కలిసి ఏడాది తిరిగేసరికి బండి వచ్చింది. కొన్నాళ్ళకు కళింగపట్నం నుంచి ఒక మత్స్యకారుల ఇంటి పెద్దావిడ ఆసుపత్రిలో అడిగి మా ఊరు కనుక్కుంటూ వచ్చింది. తన మనవణ్ణి ఆ బండిలోనే తీసుకెళ్ళారట, బతికాడట. ఎండుచేపల మూట అరుగు మీద పెట్టి, "నీకు నానేటి ఇవ్వగలనమ్మా," అంది. మా ఆడపడుచు మూట విప్పి చూసి, "సేపలు బాగున్నాయి. వొచ్చీ ఏడు ఉభాలకి రా," అంది.

ఆవిడ వచ్చింది, కోడలిని కూడా తీసుకుని. వానలు పడగానే ఆసుపత్రి ఉభాలు ఇప్పటికీ సాగుతున్నాయి. నా మోకాళ్ళు ఒప్పుకోక నేను గట్టు మీదే కూర్చుంటున్నాను. ఎన్నేళ్ళయిందో నేనిప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టను. ఏటేటా మడిలోకి దిగే కొత్త మొహాలను చూస్తే కాలం ఎంత ముందుకు నడిచిందో తెలిసిపోతుంది.