అప్పన్న తోటలో ఒకపూట ఆబ్సెంటు

మా అప్పన్న నన్ను చుట్టపుచూపుగా రమ్మని కబురుపెట్టి, మూడు రోజులు పని చేయించుకుని, అందులో ఒకపూటకు ఆబ్సెంటు వేశాడు. ముప్ఫైఆరేళ్ళు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రైల్వే ఫిట్టరుగా చేసినవాణ్ణి. కామెర్లొచ్చినప్పుడు సెలవుచీటీ పెట్టాను గానీ ఆబ్సెంటు ఏనాడూ పడలేదు. అది కొట్టేయించకుండా కదలనని అక్కడే చెప్పాను.

అప్పన్నా నేనూ ఒకటే షాపు, పక్కపక్క బెంచీలు. ఎనభైల మొదట్లో, రిటైరయ్యే ముందు, ఝార్‌గ్రామ్ అవతల మూడెకరాల ఎర్రనేల ఇద్దరం కలిసి చూసొచ్చాం. కలిసి కొందామనుకున్నాం. పాములని, డాక్టరు దూరమని చివర్లో నేను తప్పుకున్నాను. వాడొక్కడే కొని, భార్య పైడమ్మతో వెళ్ళిపోయాడు. ఉప్పూ కిరసనాయిలూ తప్ప ఏదీ కొనకుండా బతుకుతున్నాడని మా రైల్వే కాలనీ నిమ్‌పురాలో కథలుగా చెప్పుకునేవారు. తొమ్మిదేళ్ళకు, రోహిణి కార్తె చివర్లో, సరే చూద్దామని బయల్దేరాను.

ఉదయం ఆరుంపావుకు టాటానగర్ వైపు ప్యాసింజరు ఎక్కాను. నాకు పాసుంది గనక టిక్కెట్టు ఎంతో చెప్పలేను, వెళ్ళేవాళ్ళు కౌంటర్లో అడగండి. ఝార్‌గ్రామ్‌లో దిగి మరమరాలూ శనగల కూరా తిని ఎనిమిదిన్నర బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో కోడితో ఒక బెంగాలీ ముసలమ్మ. ఏమీ కొనని ఇల్లు చూడబోతున్నానంటే, “నూన్ కూడా కొనరా దాదా?” అంది. ఉప్పు కొంటారన్నాను. “మరింకేం గొప్ప,” అని కోడిని సగం నా ఒళ్ళోకి జరిపింది.

బస్సు దిగాక సాల్ చెట్ల మధ్య రెండు మైళ్ళ నడక. గొడుగు తప్పనిసరి.

మట్టి గోడలు, గడ్డి కప్పు, రెండావులు, చెరువులో బాతులు. గుమ్మం ముందు వేపకొమ్మకు అడుగున్నర రైలు పట్టాముక్క వేలాడుతోంది. అది అప్పన్న సైరను. కుశలప్రశ్న అడగకుండానే, “పది దాటింది బావా. ఆఫ్ డే కోత పడేది, ఎండలో వచ్చినావని ఒగ్గీసినాను,” అన్నాడు. చేతిలో పొడుగాటి పుస్తకం, చెవిలో పెన్సిలు. హాజరుపట్టీ.

మర్నాడు ఉదయం ఐదింటికి గంట. వాడు పాలు పితికాడు, పైడమ్మ పేడ తీసింది, నన్ను వంగమళ్ళకు నీళ్ళు తోడమన్నారు. ఏడింటికి చద్దన్నం, ఉల్లిపాయ, మామిడికాయ పచ్చడి. ఆ తర్వాత చింతపండులో గింజలు తీయడం, విత్తనపు ధాన్యం ఎండబోసి వేపాకు కలిపి కుండలకెత్తి మూతలకు పేడ మెత్తడం. పదకొండుకు గంట, భోజనం. నువ్వులు వాళ్ళవే, గానుగవాడు తెలగపిండి కూలిగా ఉంచుకుని నూనె ఇస్తాడు. తలకు కుంకుడుకాయలు. ఏమీ కొనని ఆ ఇంట్లో ఊరికే కూర్చోవడానికి ఒక పీటైనా లేదు, ఉన్నవాటి మీద ఎప్పుడూ ఏదో ఎండుతుంటుంది.

టీ పండదు గనక టీ లేదు. ఖరగ్‌పూర్ మనిషికి ఇంతకన్నా శిక్ష ఉండదు. అప్పన్న ఇంటికప్పు ఎక్కగానే పైడమ్మ నా సంచీ వైపు చూసి, “అన్నియ్యా, టీపొడి గానీ తెచ్చినావేటి?” అని మెల్లగా అడిగింది. తెచ్చాను. ఇద్దరం ఆవుల పాకలో దొంగల్లా తాగాం.

ఆ మధ్యాహ్నమే నాకు అన్యాయం జరిగింది. వారం రోజులుగా పైడమ్మ తాటాకు చాపల మీద మామిడిరసం పొరమీద పొర పోసి తాండ్ర ఆరబెడుతోంది. నాకు కర్రిచ్చి కాకుల కాపలా పెట్టారు. అప్పన్న కప్పు మీద కొత్తగడ్డి వేస్తున్నాడు. మూడింటికి వాయవ్యంలో మబ్బు నల్లగా లేచింది. పైడమ్మ పరుగున వచ్చి పట్టాముక్కను ఆగకుండా కొట్టింది.

సైరను మోగితే సుత్తి ఎక్కడుంటే అక్కడ వదిలేసి గేటు వైపు నడిచే జాతి మాది. కర్ర కింద పెట్టాను. తువ్వాలు భుజాన వేసుకుని, చెరువుకెళ్ళి తీరిగ్గా కాళ్ళు కడుక్కున్నాను.

తిరిగొచ్చేసరికి వాళ్ళిద్దరూ తడిసి ముద్దయి చాపలు లోపలికి లాగుతున్నారు. రెండు చాపల తాండ్ర రసమై పారుతుంటే బాతులు విందు చేసుకుంటున్నాయి. గంట దేనికనుకున్నావని పైడమ్మ అడిగింది. డ్యూటీ అయిపోయిందనుకున్నానని నిజం చెప్పాను. ఆవిడ నవ్వాపుకోలేక గుమ్మంలో కూలబడింది. అప్పన్న నవ్వలేదు. చేతులు తుడుచుకుని పుస్తకం తీసి గీత గీశాడు.

పొద్దున్న హాజరు పడ్డవాడికి గేటు దాటనిదే ఆబ్సెంటు వేయకూడదు. నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. షాపు నోటీసు బోర్డు దగ్గర నిలబడి, కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. రూల్సు నాకా చెప్పడం? సాయంత్రం అన్నం దగ్గర అడిగాను. మూడో రోజు కప్పు మీదికి గడ్డి అందిస్తూ అడిగాను. రెండుసార్లూ ఒకటే మాట, “పెద్దాఫీసుకి రాసుకో.”

కదలనన్నవాణ్ణే నాలుగోనాడు పదింటి బస్సుకు బయల్దేరాను. బియ్యం మూట, మిగిలిన తాండ్ర మోసుకుని అప్పన్న రోడ్డు దాకా వచ్చాడు. వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదొకటే. అక్కడ తిండికి వంక పెట్టలేరు, నిద్ర హాయిగా పడుతుంది. గాలికి డబ్బు తీసుకోరు. నడుం మాత్రం గట్టిగా ఉండాలి, టీపొడి దాచి తీసుకెళ్ళాలి. ఆ నేల వద్దన్నవాడు తెలివైనవాడా కాదా అన్నది నన్నడగొద్దు.

బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుని ఆఖరుసారి అడిగాను, అది కొట్టేస్తావా లేదా అని. వాడు కిటికీ చువ్వ పట్టుకున్నాడు. బస్సు కదులుతుంటే పక్కనే నడుస్తూ అన్నాడు:

“సుట్టం పేరు రిజిస్టర్లో ఎవుడైనా రాస్తాడేటి బావా? నీ పేరు ఈ నేల కొన్ననాడే రాసినాను, నా పేరు కిందే. తొమ్మిదేళ్ళ బట్టీ రోజూ ఆబ్సెంటే పడతంది. నువ్వు ఒక్కపూటకే గింజుకుంటన్నావు.”