ఎల్బీనగర్ చౌరస్తాలో ఇంటర్వ్యూ

మన సేవారంగం విదేశీ కంపెనీలకు తలుపులు తెరవడం గురించి దిల్‌సుఖ్‌నగర్ గ్రంథాలయంలో దొరికిందల్లా చదివాను. ఆ రోజు చూసింది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు, అందుకే రాసిపెడుతున్నాను.

ప్రత్యేక తెలంగాణ కోసం ఎల్బీనగర్ చౌరస్తాలో, రోడ్డు మీదే, వంటావార్పు నిరసన. మా బస్సు ఆగిపోయింది. పక్క సీటు అమ్మాయికి విదేశీ బ్యాంకు కాల్‌సెంటర్ ఉద్యోగానికి ఫోన్లోనే ఇంటర్వ్యూ, ఇంకో రెండు నిమిషాల్లో. బయట డప్పుల మోత. ఆమె దిగితే నేనూ దిగాను.

"బాబాయ్‌గారూ, పది నిమిషాలు ఆపుతారా అండి? ఉద్యోగం ఇంటర్వ్యూ," అని డప్పు పెద్దాయన్ను అడిగింది.

పక్కనున్నతను నవ్వాడు. "ఆంధ్రామె కొలువుకు మనం డప్పు ఆపాల్నా?"

"మనం రోడ్డు మీద కూసున్నది కొలువులకే గదరా," అని పెద్దాయన డప్పు దించాడు. "మాట్లాడు బిడ్డా."

వంట గంటెలు కూడా ఆగాయి. ఆమె ఇంగ్లీషు జవాబులను అర్థం కానివాళ్లూ ఊపిరి బిగబట్టి విన్నారు. సముద్రాల అవతలి పని మా చౌరస్తాకు రావడం చూసి నాకు ఒళ్లు పులకరించింది.

"సోమవారం రమ్మన్నారండి," అందామె.

"మా చెల్లె డిగ్రీ చదివింది," అన్నాడు నవ్వినతనే, మెల్లగా. "ఆమెకు గూడ ఈ కొలువు సంగతి జర చెప్తవా?"

ఆమె అతని అరచేతిలో తన ఫోన్ నంబరు రాసింది.

గ్రంథాలయంలో పుస్తకాలిచ్చిన యాదగిరి గారికీ, ఆ పది నిమిషాలూ హారన్ కొట్టని మా బస్సు డ్రైవర్ నర్సింహ గారికీ కృతజ్ఞతలు. మిగతావాళ్ల పేర్లు అడగడం మరిచాను.