పేపర్లో లేని పేరు

మా స్టాఫ్‌రూంలో న్యూస్‌పేపర్‌కు ఇప్పుడు ఒక్కటే పని మిగిలింది. పైకప్పు కారినప్పుడు దాన్ని నేల మీద పరుస్తారు. తడిసిన కాగితం, కరిగిన సిరా కలిసిన ఆ పులిసిన వాసన తగిలితే తోటి టీచర్లు ముక్కు మూసుకుంటారు. యాభైకి దగ్గరపడుతున్న నేను మాత్రం భివండిలోని కామత్‌ఘర్ గల్లీలో గౌను వేసుకున్న పిల్లనైపోతాను.

తొంభైల నాటి మాట. కరీంనగర్ జిల్లాలోని పల్లె నుంచి వచ్చి మా బాపు రాజేశం ముంబై దగ్గరి భివండిలో సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచెలనే అంటారు. ఎడతెగని ఆ చప్పుడుకు మా గదిలో చెంబులో నీళ్లు కూడా సన్నగా వణుకుతుండేవి. ఆ చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది, కరెంటు పోయిందో, ఎవరికైనా ఏమైనా అయిందో అని పెద్దవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవారు. దారం అయిపోయిన కండెలను వరుసగా పేర్చి మేం రైలు ఆట ఆడుకునేవాళ్లం. వానాకాలంలో అమ్మ మక్క గారెలు వేస్తే ఆ నూనె వాసన మా వరుస గదుల చాల్ చివరిదాకా పాకేది. బతుకమ్మ పండుగకు ఊరి నుంచి బస్సులో వచ్చిన తంగేడు పువ్వు సగం వాడిపోయే ఉండేది. అయినా ఆడవాళ్లు దాన్నే ముచ్చటగా పేర్చి, పాటలు పాడుకుంటూ వరాలా తలావ్ చెరువులో వదిలి వచ్చేవారు.

ఆ బస్సులోనే, ఒకరోజు ఆలస్యంగా, మా జిల్లా తెలుగు పేపరు కూడా వచ్చేది. బడిలో నాకు మరాఠీ చెప్పినా, తెలుగు అక్షరాలు బాపు ఇంట్లోనే నేర్పాడు. నా చదువుకు ఒకే ఒక శ్రోత నర్సయ్య కాక. మా ఊరివాడే, బాపుతో పాటు అదే కార్ఖానాలో పని, మా ఇంట్లోనే తిండి. చదువు రాదు. సాయంత్రం కాళ్లు కడుక్కుని, తలలోని దూది దులుపుకుని, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. వానల వార్త వస్తే "గది మల్లోపాలి సదువు బిడ్డా" అనేవాడు. ఊళ్లో కౌలుకు పట్టిన మక్కచేనునూ, భార్య లచ్చవ్వనూ ఆ వార్తలోనే చూసుకునేవాడు. అచ్చులో ఉన్నదంటే అది జరిగినట్టేనని అతని నమ్మకం. నా నమ్మకమూ అదే.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, ముసురు పట్టి ఉండగా, ఏదో బరువైనది పడ్డ చప్పుడు వచ్చింది. ఆ వెంటనే గల్లీలోని సాంచెలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అమ్మ పిండి చేతులతోనే బయటికి ఉరికింది.

"ఏ కార్ఖానా అన్నా? ఎవరిది?" అని కనబడ్డ ప్రతివాణ్నీ అడిగింది. ఎవరో మా బాపు పనిచేసే కార్ఖానా పేరే చెప్పారు. గోడ కూలి పైకప్పు పడిందన్నారు. లోపల ఎవరున్నారో ఎవరికీ తెలియదు. అమ్మ నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి వెళ్లింది. నేను గల్లీ మలుపు నుంచి చూపు తిప్పలేదు. తిప్పితే బాపు రాడేమోనని భయం.

చీకటి పడకముందే బాపు వచ్చాడు. ఒళ్లంతా సున్నం, తలమీద తడి దూది.

"నర్సయ్య ఇగ లేడు," అని గోడకు ఆనుకుని జారిపోయాడు. "నేను చాయ్ తాగి వస్తనని పోయిన. నా సాంచెలు వాడు చూస్తనన్నడు."

కాక శవాన్ని ఆసుపత్రిలో ఉంచి, లచ్చవ్వకు టెలిగ్రాం కొట్టారు.

రెండు రోజులకు బస్సులో పేపరు వచ్చింది. బాపు విప్పి చూసి, చదవమన్నట్టు నా చేతికిచ్చాడు. భివండిలో కార్ఖానా కూలి ఒకరు మృతి. మృతుడు మా ఊరివాడైన రాజేశం. నేను బిగ్గరగా చదివి, ఎదురుగా కూర్చున్న బాపును చూశాను. కూలినచోట ఎవరో "రాజేశం సాంచెల మీద పడ్డది" అన్నారట. భివండి వార్తలు పంపే పేపరతను ఆ పేరు రాసుకుని వెళ్లిపోయాడు, రెండో మనిషిని అడగలేదు.

"పేపరోనికి ఏం రోగం?" అని అమ్మ తిట్టిపోస్తుంటే, బాపు దిగ్గున లేచాడు. "ఊర్ల గూడ ఇదే పేపరు! మా అవ్వ సదివిచ్చుకుంటది!"

ఎస్టీడీ బూతుకు పరుగెత్తాం. మా ఊళ్లో ఫోను ఒక్క కిరాణా దుకాణంలోనే ఉండేది. వానలకు లైన్లు పోయాయి. బాపు నంబరు నొక్కుతూనే ఉన్నాడు, అవతల గుర్రుమనే శబ్దం తప్ప ఏమీ లేదు.

మర్నాడు పొద్దున బస్సు దిగి బాపు తల్లి, మా బాపమ్మ వచ్చింది. జుట్టు విరబోసుకుని, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. ఒంటరిగా రాలేని ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది లచ్చవ్వ. ఆ ఇద్దరిలో ఇదివరకు ఒకసారి భివండి చూసినది లచ్చవ్వే. టెలిగ్రాం ఆమె బయల్దేరాక చేరిందట.

బాపు "అవ్వా!" అంటూ ఎదురొచ్చాడు. బాపమ్మ అతని మొహం, భుజాలు, చేతులు తడిమి చూసి, "నా కొడుకు బతికే ఉన్నడే!" అని అరిచింది. పక్కన లచ్చవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"నేను చెప్పలే అవ్వా, పేపరోళ్లు తప్పు రాస్తరని!" అని, చంకలోని మూట సర్దుకుంది. అందులో చేనులో విరిచిన లేత మక్క కంకులున్నాయి. కొంగు నిండుగా కప్పుకుని చుట్టూ చూసి, నన్ను అడిగింది. "మా ఆయన ఏడి పిల్లా? డ్యూటీకి పోయిండా?"

అమ్మ మెల్లగా ఆ మూట అందుకుంది. బాపు తల దించుకున్నాడు. అందరికంటే ముందు బాపమ్మకు అర్థమైంది. కొడుకు చెంప మీది చెయ్యి తీసేసి, లచ్చవ్వను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. దారంతా తనను ఓదార్చినదాన్ని, ఆ గల్లీలోనే, వానలోనే, ఒళ్లోకి లాక్కుని కూర్చుంది.

అంత్యక్రియలయ్యాక లచ్చవ్వ మా ఇంట్లోనే ఉంది. పేపరు వచ్చిన ప్రతిసారీ నా పక్కకు జరిగేది. "ఆయనకు నువ్వే సదివేదానివట గద బిడ్డా. ఆయన పేరు ఏసిండ్రా చూడు."

నేను మొదటి పేజీ నుంచి సినిమా ప్రకటనల దాకా వెతికేదాన్ని. బాపు ఆ పేపరతన్ని పట్టుకుని నిలదీశాడు. "తప్పైంది అన్నా, సరిచేసి పంపిన. అచ్చేసుడు నా చేతుల లేదు," అన్నాడతను. ఆ పేరు రాలేదు. చివరికి బాపమ్మే లచ్చవ్వను వెంటబెట్టుకుని ఊరికి పోయింది. బతికినన్నాళ్లూ తన ఇంట్లోనే, కూతురిలా ఉంచుకుంది.

ఇప్పుడు బస్సులో పేపరు రాదు. ఎస్టీడీ బూతులున్నచోట మొబైల్ దుకాణాలున్నాయి. ఎన్నో కార్ఖానాలు గోదాములయ్యాయి. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అక్షరం మాత్రం గుర్తుపట్టలేరు. ఎవరి చావు కబురైనా మనిషి మోసుకురావడం లేదు, జేబులోని ఫోన్లో ఒక చిన్న కదలికగా వస్తోంది.

పోయిన వారం, ఇదే భివండిలోని మా బడిలో, తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి ఏడుస్తూ లేచింది. దాచి తెచ్చుకున్న ఫోన్లో, కూలిన భవనం ఫొటో. "టీచర్, హమారా బిల్డింగ్ హై, మాదే! బాపు నైట్ డ్యూటీ చేసి ఇంట్లనే పండుకున్నడు!"

"ఎవరు పంపిండ్రు? వాళ్లు చూసిండ్రా?" అని అడిగాను. ఆమెకు తెలియదు. ఫోను తీసుకుని నేనే ఆమె తండ్రికి కలిపాను. చాలాసేపు మోగింది. చివరికి నిద్రమత్తులో ఒక గొంతు "హలో, ఎవరు?" అంది. కూలినది వాళ్ల బిల్డింగ్ కాదు. పిల్ల ఫోను లాక్కుని బాపూ బాపూ అని నవ్వుతూ ఏడ్చింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేకపోయాను. ఆ ఫొటోలో కూలినది ఎవరిదో ఒకరి ఇల్లే. అది తనదేనని ఈ క్షణాన తెలియని ఒక ఆడమనిషి, ఎక్కడో, లచ్చవ్వలాగే ఇంకెవరినో ఓదారుస్తూ ఉంటుంది.