మలుపు మీద ఏడు రాళ్లు

రోడ్డు మీద రక్తం కడగడం గంగక్కకు కొత్త కాదు. పినపాక దాటి అడవిలోకి పోయే దారిలో, గూడెం పక్కన మలుపు దగ్గరే ఆమె టీకొట్టు. ఆ వాలులో ఇసుక లారీలు బ్రేకు అనేది ఒకటుందని మరిచిపోయి దిగుతాయి. ఎవరు పడ్డా ముందు పరుగెత్తేది ఆమె, నోట్లో నీళ్లు పోసేదీ ఆమే. చనిపోయినవాళ్ల పేరిట రాయి నిలపడం ఆ గూడెం ఆచారం. ఆరేళ్లలో మలుపు మీద ఏడు రాళ్లు లేచాయి. మూడోది ఆమె పెనిమిటి దూలయ్యది. ఆ రాళ్ల పక్కనే మనవరాలు ప్రమీల రోజూ బడి ఆటో కోసం నిలబడుతుంది. ఎనిమిదో రాయి ఎవరిదో అన్న భయంతోనే గంగక్కకు రోజూ తెల్లవారుతుంది.

స్పీడ్ బ్రేకర్లు వేయమని ఎన్ని అర్జీలు పెట్టినా రోడ్ల ఆఫీసులో ఒకటే జవాబు. ప్రమాదాలన్నీ ఇప్పుడు పోలీసుల ఫోన్లలోకి ఎక్కుతున్నాయట. ఎక్కడ ఎక్కువ పడితే అక్కడ పటం మీద ఎర్రచుక్క తేలుతుందట. ఆ చుక్కను చూసి సర్కారు తానే నడిచొస్తుందట. గంగక్క నమ్మింది. నమ్మి రెండేళ్లు కాచుకుంది.

సర్కారు నిజంగానే వచ్చింది. కాకపోతే నాలుగు కిలోమీటర్ల అవతల, పోలీస్ స్టేషన్ ముందుకు వచ్చింది. బర్రెలు కూడా నిమ్మళంగా దాటే ఆ తిన్నని రోడ్డు మీద వరసగా స్పీడ్ బ్రేకర్లు వేశారు, లైట్లు పెట్టారు, ప్రమాద స్థలమని బోర్డు కొట్టారు. గుడ్డి గుర్రానికి పళ్లు తోమడమంటే ఇదే.

చాయ్ తాగడానికి వచ్చిన కానిస్టేబుల్ దేవ్‌సింగ్‌ను నిలదీస్తే, దాచకుండానే చెప్పాడు.

“ఈడ సిగ్నల్ రాదక్కా. అందుకే పాతయి కొత్తయి అన్ని యాక్సిడెంట్లు స్టేషన్ల కూసోనే ఫోన్ల నింపుతం. ఫోన్ యాడుంటే జాగ ఆడిదే పడ్తది.”

అంటే దూలయ్యతో సహా ఏడుగురూ స్టేషన్ గుమ్మం ముందే చచ్చారన్నమాట. ఆ మాట చెప్పి, చాయ్‌లో అల్లం బాగా పడిందని మెచ్చుకుని వెళ్లాడు. గంగక్క అతను తాగిన గ్లాసును రెండుసార్లు కడిగింది.

అయినా ఊరుకోలేదు. రోడ్ల ఆఫీసు మెట్ల మీద మూడు రోజులు కూర్చుని ఇంజనీరును మలుపు దాకా రప్పించింది. ఆయన దుమ్ముకు ముక్కు మూసుకుని జీపు దిగాడు. వాలు వైపు చూడనైనా చూడలేదు. రాళ్లకు మాత్రం ఒక్కొక్కదానికి ఫోటో తీసుకున్నాడు. సిగ్నల్ లేదు కదా, జాగ ఎట్లా పడుతుందని ఆమె అడిగితే, దానికి సిగ్నల్‌తో పనేముందన్నాడు. జాగ ఫోటోలోనే పడుతుంది, తర్వాత పంపుకోవచ్చట. ఇంత చిన్న ముక్క స్టేషన్‌లో ఒక్కడికీ తెలియలేదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు. ఛీ అనుకుంది. పోనీ, ఇప్పుడైనా మలుపు పటం ఎక్కుతుందని మనసు కుదుటపరుచుకుంది.

ఎక్కింది. నెల తిరక్కముందే దేవ్‌సింగ్ కాగితం పట్టుకొచ్చి చదివి వినిపించాడు. మలుపు వద్ద ఏడు రాళ్లు వాహనాలకు అడ్డంగా ఉన్నాయి, వెంటనే తొలగించాలి. వెనకాలే జేసీబీ వచ్చి ఆగింది. ఆరేళ్లలో సర్కారు ఆ మలుపుకు పంపిన మొదటి బండి అదే.

మూడో రాయి పెకిలిపోయేదాకా గంగక్క కదలకుండా చూసింది. ఎదురుగా ప్రమీల బడి సంచీతో ఆటో కోసం నిలబడి ఉంది. గంగక్క దేవ్‌సింగ్ వైపు తిరిగింది.

“ఎనిమిదో రాయి యాడ పాతమంటవ్ తమ్మీ? మీ స్టేషన్ ముందటనా?”

దేవ్‌సింగ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చాయ్ అడగకుండానే వెళ్లిపోయాడు.