రెండు ఫ్యాక్టరీల లెక్క

ఆ మామిడి గుజ్జు కంపెనీ యజమానిది ఒక పద్ధతి. ఆడిట్ పూర్తయిన లెక్కల్ని తిరుచానూరు అమ్మవారి పాదాల దగ్గర పెట్టించి తెచ్చాకే సంతకం చేస్తాడు. అందుకే తిరుపతిలో మా ఆడిటర్ ఆఫీసుకు తిరిగొచ్చే ఆయన బ్యాలెన్స్ షీటుకు ఎప్పుడూ కుంకుమ అంటి ఉంటుంది. అప్పుల పేజీకే ఎక్కువ అంటేది. అమ్మవారికీ సంగతి తెలిసినట్టుంది అని నవ్వుకునేదాన్ని.

ఆ ఏడాది ఆయన సంతకం చేసి వెళ్ళిపోలేదు. రెండు ఫ్యాక్టరీలకూ అప్పు ఇవ్వలేమని బ్యాంకువాళ్లు చెప్పేశారట. చిత్తూరు దగ్గరి పాతదా, శ్రీకాళహస్తి వైపు కట్టిన కొత్తదా, ఏదో ఒకటే నడపాలి. మూడేళ్ల లెక్కలు చూసి ఏది మూయాలో తేల్చమన్నాడు. మా సార్ ఆ ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

పాతదాంట్లో మా అమ్మ పనిచేస్తుందని సార్‌తో చెప్పాను. ప్రతి సీజనుకూ గుజ్జుకు వాడే బెంగళూరా మామిడికాయలు ఏరి తొడిమలు కోసే ఆడవాళ్లలో ఆమె ఒకతె. నా బి.కాం. ఫీజులు ఆ కూలి డబ్బులే. ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను. ఆయన తలెత్తకుండానే, అంకెలకు అమ్మా నాన్నా ఉండరు, చూడు అన్నాడు. ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకుని ఫైలు తెరిచాను.

పాతదాన్ని బతికించే అంకె కోసమే వెతికాను. హెడ్డాఫీసు ఖర్చు ఎక్కువగా దాని నెత్తినే రుద్దారు. గుజ్జు టన్నుల లెక్కన మళ్లీ పంచాను. కొత్తదాని యంత్రాలకు తెచ్చిన అప్పు వడ్డీ కొత్తదానికే వేశాను. నష్టం తగ్గింది గానీ పోలేదు. బాయిలర్ ముసలిదయింది. కొత్తదాంట్లో యంత్రం చేసే పనికి ఇక్కడ కూలి పోతోంది. ఆ కూలి వరస దగ్గర చాలాసేపు ఆగాను. అమ్మ ఉన్నది ఆ వరసలోనే.

పాము చావకుండా కర్ర విరగకుండా రిపోర్టు రాయడం మా ఆఫీసులో అందరికీ వచ్చిన విద్యే. నేను మాత్రం పాతది మూయాలని రాశాను. రాశాక ఏడుపొస్తుందనుకున్నాను. ఏమీ రాలేదు. కిందికి పోయి టీ తాగి, చక్కెర ఎక్కువైందని అంగడాయనతో గొడవ పెట్టుకున్నాను. యజమాని రిపోర్టు చదివి, అది వాళ్ల నాయన కట్టిందని మాత్రం అన్నాడు. ఆ రిపోర్టును కూడా తిరుచానూరుకు తీసుకుపోయాడు.

ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పకూడదు, కాబట్టి అమ్మకు చెప్పలేదు. సీజనుకు ముందొచ్చే శుక్రవారం అమ్మతో పనిచేసే ఆడవాళ్లంతా పోయి ఫ్యాక్టరీ గేటు కడిగి, పసుపు రాసి, ముగ్గేసి, గుమ్మడికాయ కొట్టడం ఆనవాయితీ. ఎవరూ పిలవరు. ఈసారీ అలాగే పోయారు. ముగ్గేయడం అయ్యాక వాచ్‌మన్ బయటికొచ్చి, ఈ ఏడు ఫ్యాక్టరీ తెరవరని చెప్పాడట.

మర్నాడు నేను ఇంటికి పోతే, అన్నం తింటూ అమ్మే ఎత్తింది.

"ఎవురో తిరపతిలో లెక్కలు సూసి మూసేయమనినారంట పాపా."

"నేనేమ్మా."

ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఎందుకని అడిగింది. కూలి ఖర్చు ఎక్కువ పడుతోందని చెప్పాను.

"మా కూలి ఎక్కువా? ఎక్కువయ్యుంటే ఈపాటికి మనింటికి స్లాబు పడుండదా?"

మీకు ఎక్కువిస్తున్నారని కాదు, యంత్రానికైతే అంతకంటే తక్కువవుతుందని విడమరిచి చెప్పాను. అంతా విన్నది.

"సరిగ్గా సూసినావా?"

"సూసినా."

"అయితే సరే, తిను" అని నా కంచంలో ఇంకొంచెం సంగటి పెట్టింది.

ఏటా మామిడి సొన అంటి అమ్మ వేళ్లు నల్లబడేవి. ఆ మచ్చలు వినాయక చవితిదాకా పోయేవి కావు. ఆ ఏడాది చవితికి ఉండ్రాళ్ల పిండి పిసుకుతూ, మచ్చలేని చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎదురుగా కూర్చుని నేనూ చూశాను. నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు.